11,200 అంకె పక్కన పెట్టండి, తలుపు దగ్గరి స్టిక్కర్ చూడండి

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. మా హాఫ్ టన్ తరగతి పికప్ ట్రక్ 11,200 పౌండ్లు లాగుతుందని కంపెనీ చెబుతోంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద మాత్రం 1,540 అని ఉంది. అదేమిటో అర్థం కాలేదు. వెనక గరాజ్ ఉన్న టాయ్ హాలర్ ట్రైలర్ ఒకటి నచ్చింది. ఖాళీ బరువు 6,900, హిచ్ (ట్రక్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడేది 1,050, మొత్తం పరిమితి 9,500 పౌండ్లు. 1,400 పౌండ్ల సైడ్ బై సైడ్ (మట్టి దారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) ఎక్కించుకుని నలుగురం యూటాలోని మోయాబ్ వెళ్లాలని ప్లాన్. ‘ఇంకా 1,700 మిగులుంది కదా సార్’ అంటున్నాడు ట్రైలర్ అమ్మే ఆయన. ట్రక్ మార్చే మాటెత్తితే మా ఆవిడ ఊరుకోదు. కొనేయమంటారా?

జవాబు: మీ ఆవిడగారు నన్ను తిట్టుకున్నా సరే, ఈ ట్రక్కుకి ఆ ట్రైలర్ వద్దు. మీకు అర్థం కాలేదన్న ఆ 1,540 పౌండ్లే అసలు సంగతి. మనుషులు, సామాను, హిచ్, దాని మీద ట్రైలర్ మోపే బరువు, అన్నీ కలిపి మీ ట్రక్ మొయ్యగలిగింది అంతే. దాన్నే పేలోడ్ అంటారు. 11,200 అన్నది లాగే లెక్క. కంపెనీలు పాటించే ఎస్ఏఈ జె2807 అనే పరీక్ష పద్ధతిలో ఆ లెక్క కట్టేటప్పుడు క్యాబ్‌లో ఉండేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే, హిచ్ మీద వేసుకునేది ట్రైలర్ బరువులో 10 శాతమే. మీ ఇంటిల్లిపాదీ, కూలరూ, పనిముట్లూ అందులో లేవు.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. నలుగురూ కలిపి 580 అనుకుందాం. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును అన్ని చక్రాల మీదికీ సర్దే ఇనుప బార్లున్న హిచ్) ఒక్కటే 100 దాకా తూగుతుంది. వెనక బెడ్‌లో కూలర్, కట్టెలు, పనిముట్లు 150. మొత్తం 830 పోగా మిగిలింది 710. నిండా ఎక్కించిన ట్రైలర్ 9,500లో 13 శాతం హిచ్ మీద పడితే 1,235. పోనీ 10 శాతమే అనుకున్నా 950. ఎటు చూసినా లెక్క తేలదు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి కొంత బరువును ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ చక్రాల మీదికి సర్దుతాయి. అంతేగానీ స్టిక్కర్ మీద అంకెను పెంచవు.

టాయ్ హాలర్‌తో ఇంకో చిక్కుంది, మామూలు ట్రైలర్‌తో అది ఇంతగా ఉండదు. గరాజ్ వెనక ఉంటుంది కాబట్టి, బండి ఎక్కాక బ్యాలెన్స్ కుదరాలని ఖాళీగా ఉన్నప్పుడు ముందు బరువెక్కువ ఉండేలా కడతారు. మీ 1,050 చూడండి, 6,900లో 15 శాతం పైనే. సైడ్ బై సైడ్ యాక్సిళ్ల వెనక నిలబడగానే ఆ బరువు తగ్గుతుంది. ‘భలే, పేలోడ్ కలిసొచ్చింది’ అని మురిసిపోతారు కొందరు. హిచ్ మీద 10 శాతం కన్నా తగ్గితే పక్క నుంచి పెద్ద ట్రక్ దూసుకుపోగానే వెనక ట్రైలర్ ఊగడం మొదలెడుతుంది. అప్పుడు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకండి, ట్రక్ బ్రేక్ మీద కాలు వేసి తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను నడిపే, డ్రైవర్ దగ్గరుండే పరికరం) మీది చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించండి. అసలా పరిస్థితి రాకూడదంటే బండిని గరాజ్‌లో కుదిరినంత ముందుకు జరిపి స్ట్రాప్‌లు బిగించాలి. కాబట్టి ట్రక్‌ని ఎంచుకునేటప్పుడు గరాజ్ ఖాళీగా ఉన్నప్పటి హిచ్ బరువుకీ, నిండా ఎక్కించినప్పటి హిచ్ బరువుకీ, రెంటికీ లెక్క చూడండి.

ట్రైలర్‌లో కూడా మీరనుకున్నంత మిగులు లేదు. 9,500లో 6,900 పోతే 2,600. బండికి 1,400. నీళ్లు గ్యాలన్ 8.3 పౌండ్లు, 100 గ్యాలన్ల ట్యాంక్ నింపితే 830. బండికి పెట్రోల్ 30 గ్యాలన్లు తీసుకెళ్తే మరో 180. మిగిలింది 190. జనరేటర్, బట్టలు, వంట సామాను, కుర్చీలు అన్నీ అందులోనే సర్దాలి! నీళ్ల ట్యాంక్ యాక్సిళ్లకు ముందుందో వెనకుందో కూడా కొనక ముందే అడగండి. అది నిండినా ఖాళీ అయినా హిచ్ బరువు మారిపోతుంది.

పైగా మీ దారి కొండల మీదుగా వెళ్లే ఐ-70 హైవే. అందులో వచ్చే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగులు దాటిన ఎత్తులో ఉంది. టర్బో లేని ఇంజిన్‌కి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం చొప్పున బలం తగ్గుతుంది. ఎక్కడం అంటే మెల్లగానైనా ఎక్కేస్తారు. నాకు టెన్షన్ దిగేటప్పుడే. చిన్న గేర్‌లో పెట్టి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి, బ్రేకులు కాలిన వాసన వచ్చేదాకా తొక్కకూడదు.

ముప్పావు టన్ ట్రక్ (మీ హాఫ్ టన్ కన్నా ఒక మెట్టు పైది) చూడండి, అందులోనూ పెట్రోల్ ఇంజిన్‌ది. డీజిల్ లాగుడు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ ఇంజిన్ బరువుకే పేలోడ్‌లో కొన్ని వందల పౌండ్లు పోతాయి. డీజిల్ అభిమానులు నామీద విరుచుకుపడతారని తెలుసు, పడనివ్వండి. ఏ ట్రక్ అయినా షోరూమ్‌లో తలుపు తెరిచి ఆ ఒక్క ట్రక్ మీది స్టిక్కరే చదవండి. ఒకే మోడల్ అయినా సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ పెరిగితే పేలోడ్ తగ్గుతుంది. హిచ్ రిసీవర్ (ట్రక్ వెనక హిచ్ దూర్చే గొట్టం) మీద దాని పరిమితి చెప్పే లేబుల్ కూడా చూడండి.

మొదటి ప్రయాణానికి అన్నీ ఎక్కించాక హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే పెద్ద తూకం ఎక్కండి. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండాలి. బార్లు వేసి ఒకసారి, తీసేసి ఒకసారి, ట్రైలర్ విప్పి ట్రక్ ఒక్కటే మరోసారి తూచండి. రెండో చీటీలో ట్రక్ యాక్సిళ్ల బరువులోంచి మూడో చీటీ బరువు తీసేస్తే హిచ్ మీద నిజంగా పడుతున్నది తెలుస్తుంది.

ప్రశ్న: పికప్ వద్దనుకుంటున్నాం. మూడు వరసల పెద్ద ఎస్‌యూవీతో చిన్న టాయ్ హాలర్ లాగొచ్చా?

జవాబు: రెండు డర్ట్ బైకులకు సరిపడే చిన్నదైతే లాగొచ్చు. కానీ మూడు వరసలూ మనుషులతో నిండితే పేలోడ్ అక్కడే అయిపోతుంది. ముందు ఇంట్లో అందరి బరువూ కలిపి స్టిక్కర్‌లోంచి తీసేయండి. మిగిలిన అంకె చెబితే ట్రైలర్ సంగతి మాట్లాడదాం.