పచ్చని ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆగస్టులో కడియపులంక నర్సరీ నుంచి మూడు ఎచెవేరియా మొక్కలు తెచ్చాను. రోజు విడిచి రోజు రెండు చెంచాల నీళ్లే పోస్తున్నా. అయినా అడుగు ఆకులు మెత్తబడి, ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. నీళ్లు చాలడం లేదా? – గృహిణి, కాకినాడ

జవాబు: చాలకపోవడం కాదండీ, ఎక్కువయ్యాయి. ఎచెవేరియా సక్యులెంటు, అంటే ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క. దాహం వేస్తే దాని ఆకు ముడతలు పడి పల్చబడుతుంది, అడుగు ఆకు కాగితంలా ఎండుతుంది. మీ మొక్క ఆకు ఉడికిన ఉల్లిపాయ పొరలా అయిందంటే వేరు కుళ్లుతోందన్నమాట.

ఎచెవేరియాలు ప్రధానంగా మెక్సికో కొండ ప్రాంతాలవి. పగలు ఎండ, రాత్రి చలి వాటికి అలవాటు. ఇవి ఆకు రంధ్రాలు రాత్రిపూట తెరిచి గాలి పీల్చుకుంటాయి. కోస్తాలో వానాకాలం రాత్రులు వేడిగా, చెమటగా ఉంటాయి కాబట్టి మొక్క దాదాపు పని ఆపేస్తుంది. మీరు పోసిన నీళ్లు తాగదు. రెండు చెంచాలే అయినా రోజు విడిచి రోజు పోస్తే మట్టి ఆరే వ్యవధి ఉండదు. పైగా చాలా మొక్కలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్దతోనే వస్తాయి. కుండీలోంచి తీసి చూడండి, వేళ్ల మధ్య నిమ్మకాయంత ముద్ద ఉంటుంది. పైన పొడిగా కనిపిస్తున్నా దాన్ని పిండితే నీళ్లొస్తాయి.

ఇప్పుడు చేయాల్సింది: ఆ ముద్దను పూర్తిగా విదిలించేయండి. గోధుమరంగు తిరిగి, లాగితే తొక్క ఊడి దారంలా మిగిలే వేళ్లు పనికిరావు. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కాండాన్ని కొంచెం కొంచెం పైకి కోస్తూ వెళ్లండి. కోత ముఖం మొత్తం లేతాకుపచ్చగా కనిపించేదాకా ఆగొద్దు. నడిమధ్య ఒక్క గోధుమ చుక్క మిగిలినా కుళ్లు పైకి పాకుతుంది. కోసిన తల నీడలో, గాలి తగిలేచోట వారం ఆరాలి. ముసురు పట్టి ఉంటే పది రోజులు. తర్వాత పొడి మట్టి మీద నిలబెట్టి వదిలేయండి. రెండు మూడు వారాల్లో వేళ్లు దిగుతాయి. మెల్లగా కదిపితే మొక్క పట్టుకుని ఉండాలి. మొదటి నీళ్లు అప్పుడే.

మట్టికి కొలత: ఎర్రమట్టి ఒక పాలు, బాగా ఆరిన వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుకో శనగగింజంత ఇటుక ముక్కలో రెండు పాళ్లు. ఇటుక పొడిని జల్లించి పారేయాలి, లేకపోతే అది సందుల్లో పేరుకుని బురదవుతుంది. మీది సముద్రం ఊరు కాబట్టి మరీ చెబుతున్నాం, తీరం ఇసుక వద్దు, ఉప్పు వేళ్లను చంపుతుంది. నాలుగంగుళాల మట్టి కుండీ చాలు. పోసిన నీళ్లు కొన్ని సెకన్లలోనే అడుగు రంధ్రంలోంచి దిగాలి.

ఎప్పుడు పోయాలో అగరుబత్తి పుల్ల చెబుతుంది. అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి. మట్టి అంటుకోకుండా పొడిగా వస్తేనే కింద కారేదాకా పోసి, ప్లేటులో నిలిచింది పారబోయండి. వానల్లో ఇలా రెండు మూడు వారాలకోసారే అవసరం పడుతుంది.

మా అభిప్రాయం అడిగితే, కోస్తాలో ఎచెవేరియా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొనుక్కోవాల్సిన మొక్క. ఏడాది పొడవునా ఉండాలంటే హవార్తియా, గాస్టీరియా, నర్సరీల్లో జేడ్ పేరుతో అమ్మే పోర్టులకారియా తెచ్చుకోండి. మేడ మీద మంచి ఎండ ఉంటే అడీనియం.

ప్రశ్న: డిసెంబరులో గృహప్రవేశం. 60 మందికి రిటర్న్ గిఫ్టుగా మొక్కలు ఇద్దామనుకుంటున్నాం. అందరూ ఫ్లాట్లవాళ్లే. – ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పుచ్చుకునేవాళ్ల కిటికీని బట్టి ఎంచుకోండి. ఫ్లాట్లలో వెలుతురు తక్కువ కనుక పొట్టి రకం స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, పెపరోమియా నయం. పాకే పిల్లలో, పెంపుడు జంతువులో ఉన్న ఇళ్లకు పెపరోమియా, హవార్తియా, స్పైడర్ ప్లాంట్ ఇవ్వండి. మనీప్లాంట్, జెడ్‌జెడ్‌లలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. ముళ్ల మొక్క ఇంట్లోకి రాకూడదని నమ్మే పెద్దలు చాలామంది ఉన్నారు కాబట్టి శుభకార్యానికి కాక్టస్ వద్దు.

ఆరు మొక్కలు అదనంగా, మొత్తం 66 కొనండి. ముహూర్తానికి మూడు వారాల ముందే తెచ్చి కుండీలు మార్చండి. మార్చిన మొక్క కుదురుకునేలోపే పంచితే ఆకులు రాలేది అతిథి ఇంట్లో. ఆఖరి నీళ్లు మూడు రోజుల ముందు పోస్తే తాంబూలం సంచి తడవదు. రంధ్రం లేని పింగాణీ కప్పులు చూడముచ్చటగా ఉన్నా మొక్కకు ఊపిరాడదు. అవే కావాలనుకుంటే రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీని లోపల పెట్టి ఇవ్వండి. మట్టి మీద జిగురుతో అతికించిన గులకరాళ్లుంటే పీకేయండి, వాటి కింద మట్టి తడిగా ఉందో ఆరిందో తెలియదు. రంగు పూసిన మొక్కలు అసలు తీసుకోవద్దు; ఆ పూత ఆకుకు వెలుతురు అందనివ్వదు.

కుండీకి చిన్న చీటీ కట్టండి: మొక్క పేరు, ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లకోసారి నీళ్లు. తెలుగులో రాయండి, ఇంట్లో అమ్మమ్మ కూడా చదువుకుంటుంది.

ప్రశ్న: పుట్టినరోజుకు స్నేహితులు ఎర్ర బంతి కాక్టస్ ఇచ్చారు. బంతి కుళ్లింది, కింద కాడ పచ్చగానే ఉంది. బతుకుతుందా? – విద్యార్థి, వరంగల్

జవాబు: అవి అంటు కట్టిన రెండు మొక్కలు. ఎర్ర బంతిలో పత్రహరితం ఉండదు, సొంతంగా ఆహారం చేసుకోలేదు. కింది కాడ, సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిది, దాన్ని పోషిస్తుంది. జాగ్రత్తగా చూసుకున్నా ఈ జోడీ ఎక్కువగా కొన్నేళ్లే ఉంటుంది, కాబట్టి మీ తప్పేనని బాధపడకండి. కుళ్లిన బంతిని పచ్చటి కండ కనిపించేదాకా కోసేయండి. కాడ చిగుళ్లు వేసి తీగలా సాగుతుంది, ఆసరాకు కర్ర పాతండి.

ప్రశ్న: పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నాటితే వచ్చిన పిలకలకు అంచు లేదు. ఎందుకు? – ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: ఆ రకంలో ఆకు ముక్క నుంచి పుట్టే పిలక పచ్చగానే వస్తుంది. అంచు నిలవాలంటే తల్లి మొక్కను దుంపతో సహా విడదీసి నాటాలి.

ప్రశ్న: పడకగదిలో నాలుగు మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందా? – పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఈ మాటకు మూలం 1989 నాటి నాసా ప్రయోగం. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. పాత ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన 2019 నాటి సమీక్ష ప్రకారం, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసేంత శుభ్రత మొక్కలే చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 దాకా కావాలి. గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కల్ని వాటి అందం కోసం, కొత్త ఆకు విప్పుకునేటప్పుడు చూసే ఆనందం కోసం పెంచుకోండి.