హైదరాబాద్‌లో సెయిలింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? – సమాధానం

సముద్రమే లేని ఊళ్ళో సెయిలింగ్ ఎలా, పైగా నాకు ఈత అంతంత మాత్రం అన్నారు కదండీ. మనకి హుస్సేన్ సాగర్ ఉందిగా! 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడే ఉంది, వర్షాకాలంలో మాన్‌సూన్ రెగట్టా అని తెరచాప పడవల పోటీలు పెడతారు, ముందు ఆ పోటీలకి వెళ్ళి ఒడ్డున నిలబడి చూడండి, పడవలు నీళ్ళలోకి దించేవాళ్ళకి ఓ చెయ్యి వేస్తే మాటలు వాటంతటవే కలుస్తాయి. నాకు పరిచయాలన్నీ అలా అయినవే.

బోల్తా పడుతుందని టెన్షన్ వద్దు. లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కుతాం, తిరగబడిన చిన్న పడవ అడుగున పొడుచుకొచ్చిన పలక మీద బరువు వేసి వెనక్కి వాలితే తెరచాప నీళ్ళు కారుస్తూ మెల్లగా పైకి లేస్తుంది. అయినా సరే, ఈత మాత్రం ముందు నేర్చుకోండి. తాడు బిగించగానే తెరచాప రెపరెపలు ఆగి పడవ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది చూడండి, దానికోసమే ఆదివారం కూడా తెల్లారకముందే లేస్తాను.