గామా పేజీ రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

లైనక్స్ కెర్నెల్లో తెర రంగుల్ని మార్చే ప్రాపర్టీల (సెట్టింగుల) మీద నువ్వు రాసిన రిఫరెన్సు పేజీలు అందాయి. ఏడో లైను దగ్గరే ఆగిపోయాను. "గామా ఎల్‌యూటీ: గామా ఎల్‌యూటీని సెట్ చేస్తుంది" అని రాశావు. ఈ ఇల్లు ఎవరిది అని అడిగితే ఇంటాయనది అన్నట్టుంది. ఎల్‌యూటీ అంటే, లోపలికొచ్చిన రంగు విలువకి బదులు ఏది పంపాలో చెప్పే టేబుల్ కదా, ఆ ముక్కైనా లేదు.

నీ పేజీ తెరిచేది ఎవరో ఒక్కసారి తలుచుకో. కంపోజిటర్ (విండోలన్నీ కలిపి తెరమీద ఒక్క బొమ్మగా కట్టే ప్రోగ్రాం) రాస్తున్న ఓ పిల్ల. రాత్రి రెండయింది, స్క్రీను రంగు మారిపోయింది, టెన్షన్‌లో ఉంది. ముందు డీగామా (రంగు విలువల వంపు తీసేసే టేబుల్), తర్వాత సీటీఎం (రంగుల్ని ఒకదాంట్లో ఒకటి కలిపి మార్చే మాట్రిక్స్), ఆఖర్న గామా (తెరకి తగ్గట్టు మళ్లీ వంచే టేబుల్) అని నువ్వేసిన బొమ్మ బాగుంది, ఉంచు. కానీ ఆ గామా ప్రాపర్టీకి సున్నా ఇస్తే ఏమవుతుంది? ఆ మెట్టు లేనట్టే, రంగు ఉన్నదున్నట్టు ముందుకెళ్తుంది. అది రాయలేదు. టేబుల్లో ఎన్ని గళ్లు ఉండాలి? ఒక హార్డ్‌వేర్‌లో 256, ఇంకోదాంట్లో 4096. సైజు చెప్పే ప్రాపర్టీ వేరే ఉంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. నువ్వేమో ఉదాహరణలో 256 అని దిగ్గొట్టేశావు. జనం కాపీ కొట్టేది ఉదాహరణనే, పైన నువ్వు రాసిన వాక్యాలు ఎవరూ చదవరు. ముందు నడిచిన ప్రోగ్రాం తన టేబుల్ని అలాగే వదిలేసి పోతే తుడవాల్సింది ఎవరు? అదీ లేదు.

సీటీఎం పేరెత్తితే నాకు ఇప్పటికీ మంటే. మూడు మూళ్లు తొమ్మిది అంకెలు, ఒక్కోటి 64 బిట్లు, ఎస్31.32 పద్ధతి (ప్లస్సా మైనస్సా అనే గుర్తుకి ఒక బిట్, పూర్ణాంకానికి 31, భిన్నానికి 32). మామూలు ఫిక్స్‌డ్ పాయింటే కదా అనుకుని, మైనస్ అరని టూస్ కాంప్లిమెంట్‌లో (మైనస్ అంకెలకి కంప్యూటర్లు మామూలుగా వాడే పద్ధతిలో) రాసిచ్చాను. అక్కడేమో పై బిట్ ఒక్కటే గుర్తు, మిగిలిన 63 బిట్లూ విలువ. నేనిచ్చిన మైనస్ అర అవతలివాడికి మైనస్ 214 కోట్ల పైచిలుకు అయింది. తెరమీద ఎరుపన్నదే మిగల్లేదు. ప్లస్ అంకెలన్నీ బుద్ధిగా పనిచేస్తుంటే అనుమానం ఎక్కడికి పోతుంది? కేబుల్ రెండుసార్లు మార్చాను. మానిటర్ని తిట్టాను. ఇప్పుడు కెర్నెల్ హెడర్‌లో "టూస్ కాంప్లిమెంట్ కాదు" అని బ్రాకెట్లో, ఆశ్చర్యార్థకం పెట్టి మరీ ఉంది. హెడర్ ఫైల్లో ఆశ్చర్యార్థకం ఊరికే రాదు.

అప్పట్లో ఈ సంగతి మీద ఒక పేరా రాసి పంపితే, "ఇది రిఫరెన్సు, కథ కాదు" అని ఓ పెద్దమనిషి కొట్టేశాడు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి. కోడ్‌లో కామెంట్ల నుంచి పేజీ దానంతటదే పుడుతుంది, ఇక రాసేవాడెందుకు అంటారు. పుట్టేది పేర్ల పట్టిక. చెడినప్పుడు తెర ఎలా కనిపిస్తుందో అందులో ఉండదు. నన్నడిగితే ప్రతి ప్రాపర్టీ కిందా మొదట రాయాల్సింది అదే, అర్థం తర్వాత.

కొత్తగా వచ్చిన ప్లేన్ కలర్ పైప్‌లైన్ (తెరమీది ఒక్కో పొరకి విడిగా రంగులు మార్చే ఏర్పాటు) గురించి కూడా రాస్తానన్నావు. అక్కడ కలర్ ఆప్‌లు, అంటే రంగు మార్చే మెట్లు, గొలుసుగా ఉంటాయి. ఒక్కోటి ఏ రకమో, దాని తర్వాతిది ఏదో యూజర్‌స్పేసే (కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామే) కొసదాకా నడిచి చూసుకోవాలి. ముందు పాతది సరిచెయ్యి, దాని సంగతి తర్వాత.

నువ్వడిగిన మిగతా నాలుగు ప్రశ్నలకి ఇప్పుడు జవాబు రాయలేను, కరెంటు పోయేలా ఉంది. ఈలోపు మైనస్ అరని ఆ సీటీఎం పద్ధతిలో, హెక్స్‌లో, కాగితం మీద చేత్తో రాసి ఫోటో తీసి పంపు.

అన్నయ్య