యువజన కేంద్రం బాగా నడుస్తోందో లేదో అక్కడికి వచ్చే పిల్లలచేతే చెప్పించడం ఎలా?

మీది మండల కేంద్రంలో సాయంత్రాలు నడిచే చిన్న యువజన కేంద్రం. పద్నాలుగు నుంచి ఇరవై రెండేళ్ల వాళ్లు వస్తారు. మీ పని నాణ్యతను యువత దృష్టితో కొలిచి చూపమని నిధులిచ్చే సంస్థ అడిగింది కాబట్టి, తగిన ఫారం ఏదైనా ఉంటే చెప్పమన్నారు. ఫారాలకేం, కావలసినన్ని దొరుకుతాయి. ఇలాంటి కేంద్రాల్లో చాలాకాలం పనిచేశాను కనుక, ఫారంతో మొదలుపెట్టవద్దనే చెబుతాను.

ఎదురుగా ఉన్న పెద్దవాళ్లకు ‘బాగాలేదు’ అని మన పిల్లలు రాసివ్వరు. శిక్షణ ముగియగానే నవ్వు ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం ఉన్న కాగితాలు పంచితే టిక్కులన్నీ నవ్వు ముఖం మీదే పడతాయి. అప్పుడే భోజనం పెట్టి ఉంటారు. పైగా కాగితం పంచిన అన్నే వచ్చేవారం కబడ్డీ జట్టుకు పేర్లు రాసేది. ఇక ఎవరు మాత్రం నిష్ఠూరమాడతారు?

హాజరు లెక్కా అంతే. డిగ్రీలో ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) చేసినవాళ్లకు ఇది అనుభవమే. 1969లో మొదలైన ఆ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. పథకాన్ని తప్పుపట్టను, నాకు ఊళ్లు చూపించింది అదే. కానీ మొక్కలకు పాదులు తీసిన కుర్రవాడికి, ఆ మొక్కలు ఎక్కడ నాటాలో చెప్పే అవకాశం దొరికిందా అన్నది గంటల లెక్కలో కనిపించదు. ఉద్యోగాల లెక్క ఇంకా మోసం. మీ గదిలో కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్లు ఉంటే, నోటిఫికేషన్ వచ్చిన ఏడాది మీరు గొప్పవాళ్లు, రాని ఏడాది పనికిరానివాళ్లు. మీ పనిలో మాత్రం మార్పేమీ ఉండదు.

కాబట్టి దేన్ని కొలవాలో పిల్లలచేతే రాయించండి. ‘మంచి యువజన కేంద్రం ఎలా ఉండాలి’ అని అడిగితే ఉపన్యాస పోటీలో చెప్పే మాటలే వస్తాయి. ‘నీ స్నేహితురాలిని ఇక్కడికి తీసుకురావాలంటే ఏం చూసి తీసుకొస్తావు? దేనికి భయపడి తీసుకురావు?’ అని అడగండి. నేను పనిచేసిన చోట వచ్చిన జవాబులు ఏ మార్గదర్శకాల్లోనూ నాకు కనిపించలేదు. క్యారమ్ బోర్డు అమ్మాయిల చేతికి ఎప్పుడు వస్తుంది? బాత్రూం తాళంచెవి ఎవరినీ అడగకుండా దొరుకుతుందా? ఇక్కడ చెప్పుకున్న మాట మా ఇంటికి చేరుతుందా? నాలుగు రోజులు రాకపోతే తిడతారా, అసలు గమనించరా, ఎలా ఉన్నావని అడుగుతారా? ఇంటర్ చదివే ఒకమ్మాయి అయితే, ‘బ్యానర్ పట్టించి ఫొటోలు తీస్తారు కదక్కా, ఒక్కటైనా మాకు పంపారా?’ అంది. పిల్లలకు దక్కే భాగస్వామ్యం ఎంత నిజమో చూపడానికి రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసిన చిన్న పుస్తకంలో గీసిన ఎనిమిది మెట్ల నిచ్చెనలో కింది మూడు మెట్లు భాగస్వామ్యం కిందికే రావు. పిల్లలను అలంకారంగా నిలబెట్టడం అందులో రెండో మెట్టు. ఆ పుస్తకం పేరైనా వినకుండానే ఆ పిల్ల మమ్మల్ని ఆ మెట్టు మీద నిలబెట్టింది.

అలా వచ్చినవాటిలో ఏడెనిమిది ఎంచుకుని చింతగింజలతో ఓటు వేయించండి. ఒక్కో ప్రశ్నకు ఒక కాగితపు కప్పు, దానిమీద చదవకుండానే పోల్చుకునే బొమ్మ: తాళంచెవి, క్యారమ్ బోర్డు, ఇల్లు. కప్పులను దుప్పటి అడ్డంకట్టిన మూలలో ఉంచాలి. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి ఒక్కో కప్పులో సున్నా నుంచి అయిదు దాకా గింజలు వేసి రావాలి, బాగుంటే ఎక్కువ, బాగాలేకపోతే తక్కువ. గింజ పడిన చప్పుడుకు లెక్క తెలిసిపోతుందని మా పిల్లలే కనిపెట్టి, కప్పుల అడుగున గుడ్డముక్కలు వేశారు. అమ్మాయిలకు, అబ్బాయిలకు విడివిడిగా పెట్టాలి, కలిపితే సగటులో అసలు సంగతి మునిగిపోతుంది. మా దగ్గర తాళంచెవి కప్పులో అబ్బాయిల గింజలు నిండుగా ఉన్నాయి, అమ్మాయిలవి అడుగు కూడా దాటలేదు. ఆ పూట మీరుగానీ మీ సిబ్బందిగానీ గదిలో ఉండకూడదు. దగ్గర్లోని కళాశాలలో సోషల్ వర్క్ చదివే విద్యార్థులను పిలవండి.

ఇంతా చేసి వస్తున్నవాళ్లనే అడిగితే సగం పనే అయినట్టు. రిజిస్టరులో పేరుండి మూడు నెలలుగా కనిపించనివాళ్ల జాబితా తీయండి. వాళ్ల దగ్గరికి మీరు వెళితే ‘పరీక్షలు సార్’ అంటారు. ఈడువాళ్లు వెళితే అసలు కారణం చెబుతారు: చీకటిపడ్డాక ఆ సందులోంచి రావడం కష్టమనో, ఫలానా ముఠా ఎప్పుడూ అక్కడే ఉంటుందనో, వాళ్లను ఏ పేరుతో పిలిచి నవ్వుతారో. మీ కేంద్రం గురించి అన్నిటికంటే నిజమైన సమాచారం ఈ జాబితాలోనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. మనసు విప్పమని అడిగితే వేధింపుల సంగతి కూడా బయటికి రావచ్చు. ‘ఎవరికీ చెప్పం’ అని ముందే మాటివ్వకండి. పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. ఆ సంగతి పిల్లలకు మొదటే చెప్పండి. పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడమీద రాసి ఉంచండి.

లెక్క తేలాక రెండు వారాలు దాటకుండా అందరినీ కూర్చోబెట్టి చూపాలి. పిల్లల అభిప్రాయానికి విలువివ్వాలనే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణాన్ని పరిశోధకురాలు లారా లండీ 2007లో నాలుగుగా విడదీశారు: చెప్పే చోటు, చెప్పే గొంతు, వినే చెవి, విన్నదాని ప్రభావం. మనవాళ్లు చాలామంది రెండోదాని దగ్గరే ఆగిపోతారు. తాళంచెవి మేకుకు తగిలించడానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు, ఆ రోజే తగిలించండి. సందులో దీపం పంచాయతీ చేతిలోది. అర్జీ పెట్టి, దాని నకలు గోడకు అంటించండి. చేయలేనిదాన్ని ఎందుకు చేయలేరో చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు, చెప్పకపోతే వచ్చే ఏడాది గింజలు వేయడానికి రారు.

నిధులిచ్చేవారికి ఒక్క పేజీ చాలు: పిల్లలు రాసిన ప్రమాణాలు, అమ్మాయిల అంకెలు ఒక వరుస, అబ్బాయిలవి ఒక వరుస, మానేసినవాళ్లు చెప్పిన కారణాలు, మార్చినవి, మార్చలేనివి. తక్కువ గింజలు పడిన ప్రశ్నను చెరిపేయకండి. వాళ్ల ప్రతినిధి వచ్చినప్పుడు దాని గురించి పిల్లలనే అడగమని చెప్పి, మీరు కాసేపు టీకి బయటికి వెళ్లండి.