బండి ఉంటే ప్రదక్షిణ పనేముంది అని రాసింది నేనే

"మత విశ్వాసాలను ఎగతాళి చేసే వ్యాపార ప్రకటనలను అభ్యంతరకరం అనుకోవాలా, సరదాగా తీసుకోవాలా?" అని అడిగారు. నా దృష్టిలో అభ్యంతరకరమే. తెనాలిలో పదహారేళ్లుగా ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను, అలాంటిది ఒకటి నా చేత్తోనే తయారైంది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2018 వినాయక చవితి రోజులవి. ఆ సీజన్లో మాకు నిద్ర ఉండదు. పందిళ్ల ఫ్లెక్సీలు, ఒక్కో దాని మీద ముప్పై నలభై మంది కుర్రాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు, ఎవరి ఫొటో ముందుండాలన్న తగాదాలు. వినాయకుడి బొమ్మ తగ్గించి నాయకుడి బొమ్మ పెంచమని అడిగిన కమిటీలు కూడా ఉన్నాయి. అది చూసి మనసు నొచ్చుకున్నవాళ్లు నాకు ఇంతవరకూ కనపడలేదు.

ఆ హడావిడిలో ఒక బైకుల షోరూం ఆయన వచ్చాడు. పండగ ఆఫర్‌కి జనం ఆగి చూసేలా కొత్తగా ఏదైనా చెయ్యమన్నాడు. నేను వినాయకుడికి నల్ల కళ్లజోడు పెట్టి కొత్త బండెక్కించాను. ఎలుకను వెనక సీటు మీద కూర్చోబెట్టాను. గణాధిపత్యం కోసం అన్నదమ్ముల మధ్య పోటీ పెట్టిన కథ అందరికీ తెలిసిందే కదా. కుమారస్వామి నెమలెక్కి తీర్థాలన్నీ తిరగడానికి బయలుదేరితే, వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి గెలిచాడు. దాన్ని పట్టుకుని కింద పెద్ద అక్షరాలతో మ్యాటర్ రాశాను: "మా బండి ఉండి ఉంటే అమ్మానాన్నల చుట్టూ తిరిగే పనేముంది!"

ప్రూఫ్ చూసి ఓనరు పగలబడి నవ్వాడు. ఇరవై బై పది సైజు కొట్టించి సెంటర్లో కట్టించాడు.

చవితి ముందు రోజు సాయంత్రం నా పని ఎలా కనిపిస్తోందో చూసుకుందామని వెళ్లాను. సరిగ్గా ఆ ఫ్లెక్సీ కిందే ఒక పెద్దావిడ గోనెపట్టా పరుచుకుని పత్రి అమ్ముతోంది. మాచీపత్రి, మారేడు, ఉమ్మెత్త కాయలు, వెలక్కాయలు, పక్కన నాలుగు పాలవెల్లులు. ఎలాగూ కొనాలి కదా అని ఆవిడ దగ్గరే కూర్చుని పత్రి ఏరుకుంటున్నాను.

"బొమ్మ బాగుంది బాబూ. కింద ఏం రాశారు?" అంది.

చదివి వినిపించాను. నేనే రాశానని కూడా చెప్పాను.

ఆవిడ కాసేపు పైకి చూసింది. "అంటే ఆయన బండి లేక తిరిగాడంటావా, అమ్మానాన్న చుట్టూ?"

"సరదాకి రాశానమ్మా, వ్యాపారం కదా."

"మావాడికీ బండుంది నాయనా" అంది. పత్రి కట్ట కట్టి నా చేతిలో పెట్టి ఇంకో బేరం చూసుకుంది.

ఆ రాత్రంతా ఆ మాటే నా తల్లో తిరిగింది. నేను వినాయకుడి బొజ్జ మీదో, తొండం మీదో జోకు వేసి ఉంటే ఆవిడ కూడా నవ్వేదేమో. నేను వేళాకోళం చేసింది ఆ కథలో ఆవిడ నమ్ముకున్న ఒకే ఒక్క సంగతిని. తల్లిదండ్రుల చుట్టూ తిరిగితే లోకమంతా తిరిగినట్టే అన్న మాటను పనిలేని పనిగా మార్చాను, అదీ ఒక బండి అమ్మడానికి.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా "దేవుడు అంత చిన్నవాడా, ఒక జోకు తట్టుకోలేడా?" అంటారు. దేవుడికి ఏమీ కాదు. ఆ సాయంత్రం నా ఎదురుగా కూర్చున్న మనిషికి అయింది. దేవుడి మీద జోకులు మనకేమీ కొత్త కాదు. హెల్మెట్ పెట్టుకోమని ట్రాఫిక్ పోలీసులు యముడి వేషం వేయిస్తే ఎవరూ తప్పుపట్టరు. వడ్డీకాసులవాడని వెంకన్నను మనమే అంటాం. రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి నిలదీశాడు, దాన్ని గుళ్లో పాడుకుంటున్నాం. ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంది, దెబ్బలు తిన్నది ఆయనే కాబట్టి. నాకూ షోరూం ఆయనకూ అలాంటి హక్కు ఎక్కడిది?

2017 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో గొర్రె మాంసం ప్రకటన ఒకటి వచ్చింది. ఏసుక్రీస్తు, బుద్ధుడు, వినాయకుడు, ఇంకొందరు దేవతలు ఒకే బల్ల దగ్గర కూర్చుని, అందరూ తినగలిగే మాంసం ఇదేనంటూ గ్లాసులు ఎత్తుతారు. వినాయకుడి ఏనుగు తల మీద ఒక జోకు కూడా పడుతుంది. ముహమ్మద్ ప్రవక్తను మాత్రం తెర మీద చూపించకుండా, రాలేకపోతున్నానని ఫోన్ చేసినట్టు పెట్టారు. ఆయన రూపం చూపకూడదన్న నమ్మకాన్ని వాళ్లు మన్నించారు, మంచిదే. మరి ఉండ్రాళ్లు, కుడుములు నైవేద్యం పెట్టే దేవుణ్ణి మాంసం బల్ల దగ్గర కూర్చోబెట్టేటప్పుడు ఆ ఆలోచన ఏమైంది? అక్కడి ప్రకటనల బోర్డు మొదట ఫిర్యాదులను కొట్టేసింది. మన హైకమిషన్ కూడా అక్కడి ప్రభుత్వానికి నిరసన తెలిపింది. చివరికి నవంబరులో స్వతంత్ర సమీక్ష తర్వాత ఆ ప్రకటన నియమాలకు విరుద్ధమని అదే బోర్డు ఒప్పుకుంది. అప్పటికి ప్రచారమంతా అయిపోయింది. ప్రకటనల విషయంలో న్యాయం ఎప్పుడూ ఇంతే, సరుకు అమ్ముడుపోయాక వస్తుంది.

అలాగని కనిపించిన ప్రతిదానికీ గొడవ చేసేవాళ్లతో నేను లేను. 2020 అక్టోబరులో ఒక నగల కంపెనీ, ముస్లిం ఇంటి అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేస్తున్నట్టు ప్రకటన తీస్తే, గోల చేసి తీయించేశారు. అందులో ఎగతాళి ఏది? ఒకరి ఆచారాన్ని ఇంకొకరు గౌరవించడమే కదా చూపించారు. దాన్ని ఆపించి, మా సెంటర్లో ఫ్లెక్సీ కింద నుంచి మాత్రం అందరూ నవ్వుకుంటూ పోయారు.

పోలీసు కేసులు కూడా దీనికి మందు కాదు. 2013లో ఒక వ్యాపార పత్రిక ధోనీని విష్ణుమూర్తిలా, చేతుల నిండా కంపెనీల సరుకులతో, వాటిలో బూటుతో సహా ముఖచిత్రం వేసింది. మన అనంతపురం కోర్టులో కేసు పడి, 2016లో ధోనీకి వారెంట్ దాకా వెళ్లింది. 2017 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. మతాన్ని అవమానించడం మీద పాత శిక్షాస్మృతిలో ఉన్న 295ఎ సెక్షన్ కావాలని, దురుద్దేశంతో చేసిన అవమానానికే వర్తిస్తుందని చెప్పింది. ఇప్పుడు అది కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షన్, మూడేళ్ల దాకా జైలు. కోర్టు చెప్పింది సబబే. నాకు దురుద్దేశం లేదు, నన్ను జైల్లో పెట్టి లాభమూ లేదు. కానీ జైలుకు పోయేంత నేరం కాదు కాబట్టి తప్పే కాదనడం ఎక్కడి లెక్క? కేబుల్ టీవీ ప్రకటనలు ప్రేక్షకుల మత మనోభావాలను నొప్పించకూడదని 1994 నుంచి నియమం ఉంది. నడిరోడ్డు మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ కడితే ముందుగా చదివి ఇది బాగోలేదనే నాథుడు లేడు. పత్రి అమ్మే ఆవిడ ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ప్రకటనలోకి ఎక్కించిన దేవుడు పండగ అయ్యాక ఏమవుతాడో ఎవరైనా చూశారా? లక్ష్మీ బాంబు పేలాక ఆ కాగితం ముక్కలు తొక్కుకుంటూనే తిరుగుతాం. గోడ మీద ఉచ్చ పోయకుండా దేవుళ్ల టైల్స్ అతికిస్తాం, కాపలా పని కూడా వాళ్లదే. మా ఫ్లెక్సీల సంగతి ఇంకా ఘోరం. పూజ చేసిన మట్టి విగ్రహానికి నిమజ్జనం ఉంది. ఫ్లెక్సీకి లేదు.

దీపావళి వెళ్లాక ఒకరోజు బండికి పంక్చరైతే రోడ్డు పక్క షాపు దగ్గర ఆపాను. కింద పరిచి ఉన్నది నా ఫ్లెక్సీయే. కళ్లజోడు మీద గ్రీజు, తొండం మీద టైర్లు, నేను రాసిన అక్షరాల మీద నా చెప్పులు. పక్కకి జరిగి నిలబడ్డాను. ఆ కుర్రాడికి ఇంకో పాత సినిమా ఫ్లెక్సీ తెచ్చిస్తానని చెప్పి అది తీసుకున్నాను.

అప్పటినుంచి సరుకులు అమ్మే ఫ్లెక్సీల మీద ఏ మతం దేవుడి బొమ్మా వేయడం లేదు. పోయిన ఆర్డర్లు పోయాయి, పక్క షాపుకి వెళ్లాయి. 2022 ఆగస్టులో ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు పొట్ట కొడుతున్నారని మా వాళ్లందరితో పాటు నేనూ టెన్షన్ పడ్డాను. కానీ ఆ రోజు పైకి చూస్తే, కడిగి మడత పెట్టిన ఆ ఫ్లెక్సీ మా షాపు అటక మీదే కనిపించింది. కాలిస్తే నల్లటి పొగ, కాలవలో వేస్తే కరగదు. ఇప్పటికీ అక్కడే ఉంది.