డిజైనర్‌ను వెతికే ముందు: మేనకోడలికి లేఖ

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఉద్యోగ ప్రకటన రెండుసార్లు చదివాను. బత్తాయి రైతులకూ వ్యాపారులకూ మధ్య మీరు తయారుచేస్తున్న యాప్ కోసం ‘యూఐ (యూజర్ ఇంటర్‌ఫేస్), యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) డిజైనర్ కావలెను’ అని మొదలుపెట్టి, ఆ ఒక్క మనిషే లోగో గీయాలనీ, రైతులతో మాట్లాడాలనీ, ప్రచారానికి వీడియోలు చేయాలనీ, వీలైతే కోడ్ కూడా రాయాలనీ కోరావు. పోచంపల్లి చీర మగ్గం మీదికి ఎక్కేలోగా గ్రాఫు కాగితం మీద నమూనా వేయడం, ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడం), రంగులద్దడం వంటి పనులు ఎన్నో ఉంటాయి. అవన్నీ ఒకే ఇంట్లో జరిగినా, ఏది ఎవరి చేతిలో బాగా కుదురుతుందో ఆ ఇంటివాళ్లకు తెలుసు. చిన్న సంస్థలో ఒకరు రెండు మూడు పనులు చేయక తప్పదు, దానికి నేనేమీ అనను. కానీ వాటిలో ప్రధానమైనది ఏదో నువ్వే తేల్చుకోకపోతే, వచ్చినవాళ్లను ఏ తూకంతో తూచుతావు?

ముందుగా గ్రాఫిక్ డిజైనర్ల సంగతి. మన ఊళ్లో ఫ్లెక్సీలూ పెళ్లిపత్రికలూ చేసేవారిలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు, లోగోకూ కరపత్రానికీ వారి దగ్గరకే వెళ్లు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అచ్చు పనిలో ఇప్పటికీ ఎక్కువగా వాడే అను ఫాంట్లు యూనికోడ్‌వి (ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతివి) కావు కాబట్టి, అక్కడ టైపు చేసిన తెలుగును తెచ్చి యాప్‌లో పెడితే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనబడతాయి.

యూఐ డిజైనర్ పని తెర మీద కనబడేదంతా: బటన్లు, రంగులు, అక్షరాల పరిమాణం, ఖాళీలు. ఇది అలంకారమని తేలికగా తీసుకోకు. వేలితో నొక్కే చోటు కనీసం 44 పాయింట్లు ఉండాలని యాపిల్, 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి (పాయింటు, డీపీ అన్నవి తెర మీది కొలతలు). మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనకనున్న రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలన్నది వెబ్ ప్రమాణం. మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడి ఫోను చూసే రైతుకు ఆ తేడా కూడా చాలదేమో. నీ నమూనా యాప్‌ను నా ఫోనులో తెరిచినప్పుడు, ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపెట్టిన బటన్‌లో త కింది ఒత్తు తెగిపోయి ‘బత్తాయి’ కాస్తా ‘బతాయి’ అయింది. తెలుగు తెరలు చేసిన అనుభవం ఉన్నవారు వరుసల మధ్య ఎడం ముందే పెంచుతారు.

యూఎక్స్ డిజైనర్ ఆలోచించేది తెరకు ముందూ వెనకా ఏం జరుగుతుందన్నది. 1993లో యాపిల్‌లో చేరిన డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ తన హోదాలో ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ అన్న మాటను చేర్చుకున్నది, తెరమీది పని అన్న అర్థం చాలదనిపించే. రైతు ధర చూసి ఒప్పుకున్నాక లారీ రాకపోతే ఏమవుతుంది, కాటా దగ్గర తరుగు ఎంత తీశారో ఎవరు నమోదు చేస్తారు, సిగ్నల్ పోతే సగం నింపిన వివరాలు ఉంటాయా పోతాయా అన్నవి అతని ప్రశ్నలు.

ఈ రెండింటినీ కలగలిపి నేను దెబ్బతిన్నాను. హైదరాబాద్‌లో ఒక సంస్థలో బృందాన్ని చూసుకుంటున్న రోజుల్లో, అందమైన తెరలు గీసిన ఒక కుర్రవాణ్ణి యూఎక్స్ డిజైనర్ అన్న పేరుతో తీసుకున్నాను. చెల్లింపు మధ్యలో జనం ఎందుకు ఆగిపోతున్నారో కనుక్కోమంటే అతను ప్రతిసారీ రంగు మార్చి తెచ్చేవాడు, నేను ప్రతిసారీ విసుక్కునేవాణ్ణి. ఆరు నెలలకు అతను వెళ్లిపోయాక దరఖాస్తు మళ్లీ తీసి చూస్తే అందులో ఉన్నవన్నీ పోస్టర్లూ ఐకాన్లే. అతను ఏదీ దాచలేదు, చదవనివాణ్ణి నేనే.

రీసెర్చర్‌ను, అంటే వాడేవాళ్ల ఇబ్బందులు గమనించి చెప్పే మనిషిని, విడిగా తీసుకునే స్తోమత నీకిప్పుడు లేదు, కానీ ఆ పని ఎవరో ఒకరు చేయాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి చేతులూ భుజాలూ పడుతున్న బాధను రోజూ చూసి, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. రీసెర్చ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ కథే చెబుతాను. అయిదుగురితో వాడించి చూస్తే ఇబ్బందుల్లో చాలా భాగం బయటపడతాయని వాడుక సౌలభ్యం నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు, కనుక ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రొడక్ట్ డిజైనర్ అన్న హోదా ఒక్కో సంస్థలో ఒక్కో అర్థంలో నడుస్తోంది. మొత్తం మీద సమస్యను తేల్చడం నుంచి తెర పూర్తిచేసేదాకా బాధ్యత తీసుకుని, వ్యాపారం లెక్క కూడా చూసేవారని అనుకో. నా మాట వింటే, నీ మొదటి ఉద్యోగం అలాంటి మనిషికే ఇవ్వు, ఆ మనిషి నల్లగొండలో ఉండేలా చూసుకో. యూఐ పని ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాద్ నుంచైనా చేయించుకోవచ్చు, తోటకు వెళ్లే పని అలా కుదరదు. తెర మీద కదిలే బొమ్మలు చేసే మోషన్ డిజైనర్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

ఇంటర్వ్యూలో పూర్తయిన తెరలకన్నా పక్కన పడేసిన తెరలు చూపించమని అడుగు, ఎందుకు పడేశారో చెప్పనివ్వు. తర్వాత డబ్బు ఇచ్చి ఒక్క పూట పని పెట్టు: కాటా చీటీ ఒకటి చేతికిచ్చి, దాన్ని తెర మీదికి తెమ్మను. ‘ఇది నింపేది రైతా, వ్యాపారా?’ అని ముందు అడిగినవాళ్ల పేరు రాసి పెట్టుకో.

ప్రకటన తిరగరాసి పంపు, ఆదివారంలోగా చూసి పెడతాను. అక్కను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మామయ్య