4 లక్షలు ఇచ్చే ముందు చిన్న పరీక్ష

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తిచేశాడు. ఉద్యోగం వద్దు, దోసెల పిండి ప్యాకెట్ల వ్యాపారం పెడతానని 4 లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా. అలాగని వద్దనీ అనకండి. ఎవరు కొంటారు, ఇప్పుడు వాళ్లు పిండి ఎక్కడ తెచ్చుకుంటున్నారు, మన ప్యాకెట్ వాళ్లకెలా చేరుతుంది, కిలోకి ఎంత మిగులుతుంది... ఇవన్నీ ఒక్క తెల్లకాగితం మీద రాసిమ్మనండి. 'అందరూ కొంటారు' అని రాస్తే కాగితం తిరిగిచ్చేయండి. ఫలానా అపార్ట్‌మెంట్‌లో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు అన్నంత కచ్చితంగా ఉండాలి.

బోల్తా పడేది మిగులు దగ్గరే. కిలో బియ్యం, మినప్పప్పు కలిపి నానబెట్టి రుబ్బితే సుమారు రెండున్నర కిలోల పిండి అవుతుంది కాబట్టి లాభం బాగా కనిపిస్తుంది. ఉదాహరణకు కిలో పిండి 80 రూపాయలకు అమ్ముతాడనుకుందాం. సరుకు 28, కవరు 4, కరెంటు 4, రవాణా 9, దుకాణదారు వాటా 12 పోతే 23. అమ్ముడుపోక వెనక్కొచ్చేవాటికి ఇంకో 8 తీసేస్తే చేతికొచ్చేది 15. పనిమనిషి జీతం, ఫ్రిజ్ ఖర్చు కలిపి నెలకు 18 వేలైతే, రోజుకు 40 కిలోలు అమ్మితేగానీ గిట్టుబాటు కాదు. ఇందులో అబ్బాయి జీతం లేదు! మీ దగ్గరి ధరలతో మళ్లీ లెక్క వేయించండి. ఆ 8 కూడా తక్కువే కావచ్చు. బెజవాడ ఎండల్లో కవరు గ్యాసుతో ఉబ్బుతుంది, దుకాణదారు రాత్రి ఫ్రిజ్ ఆపేస్తే తెల్లారేసరికి పిండి పులిసిపోతుంది.

ఇక పరీక్ష. ఇంట్లోని గ్రైండర్, ఒక్క అపార్ట్‌మెంట్, రెండు వారాలు చాలు. తినే సరుకు కాబట్టి ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించండి. 'పెడితే కొంటారా?' అనడిగితే మొహమాటానికి అందరూ ఊఁ అంటారు. 'పోయిన వారం ఎక్కడ కొన్నారు, ఎంతకు?' అనడగాలి. వారానికి రెండు కిలో ప్యాకెట్ల చొప్పున, రెండు వారాల 4 ప్యాకెట్లకు ఒక్కో ఇంటి నుంచి 320 రూపాయలు ముందే తీసుకోవాలి. చుట్టాలు లెక్కలోకి రారు. పది ఇళ్లవాళ్లు డబ్బు కట్టాలి, మూడో వారం వాళ్లలో ఆరిళ్లవాళ్లైనా మళ్లీ కట్టాలి. ఈ అంకెలే పాసయ్యే గీత. వీటిని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఫలితం వచ్చాక గీత కిందికి జరుగుతుంది.

మొదటే ఎవరూ కట్టకపోతే ఆ ఇళ్లకు పిండి కొరత లేదన్నమాట. కట్టినవాళ్లు తిరిగి రాకపోతే పులుపో, తెచ్చిచ్చే వేళో చూసుకుని ఇంకో రెండు వారాలు చేయనివ్వండి. గీత దాటితే మొదటి విడతగా ఫ్రిజ్‌కు మాత్రమే డబ్బివ్వండి. పెద్ద గ్రైండర్ సంగతి రోజుకు 20 కిలోలు దాటాక.